మూత్రాశయం గీసే గీతలను యంత్రం చదవగలదా?

మూత్రాశయం ఎలా నిండుతోందో, ఎలా ఖాళీ అవుతోందో కొలిచే యూరోడైనమిక్ పరీక్ష చేయించుకున్నవారు దాన్ని త్వరగా మరచిపోరు. మూత్రనాళం గుండా రెండు మిల్లీమీటర్ల మందమున్న గొట్టాన్ని మూత్రాశయంలోకి పంపుతారు. మలద్వారం గుండా మరొక గొట్టం వెళుతుంది. సెలైన్ నెమ్మదిగా లోపలికి చేరుతుంటే మధ్యమధ్య ‘ఒకసారి దగ్గండి’ అంటారు, ‘ఇప్పుడు ఎలా ఉంది?’ అని అడుగుతారు. ఇక ఆపుకోలేనన్న దశ వచ్చాక, ఆ గొట్టాలతోనే, ముక్కూ మొహం తెలియని మనుషులు గదిలో ఉండగా, కొలత పరికరం అమర్చిన కుర్చీలో కూర్చుని మూత్రం పోయాలి. చిన్నపిల్లలకు ఇది భయం, పెద్దలకు సిగ్గు. ఇంత ఇబ్బందీ పడి మనిషి అక్కడ వదిలి వెళ్లేది తెర మీద కొన్ని గీతలు. వాటిని సరిగ్గా చదవకపోతే పడిన కష్టమంతా వృథా. కంప్యూటర్‌కు ఉదాహరణలు చూపి నేర్పే మెషిన్ లెర్నింగ్ ఆ చదువులో ఏమాత్రం సాయపడగలదన్న చర్చను ఈ కుర్చీ దగ్గర నుంచే మొదలుపెట్టడం న్యాయం.

గీతల్లో ముఖ్యమైనవి నాలుగు. మొదటిది మూత్రాశయంలోని పీడనం. రెండోది పొట్టలోని పీడనం, మలాశయంలో ఉంచిన గొట్టం చెప్పేది. మొదటి దానిలోంచి రెండో దాన్ని తీసివేయగా వచ్చేది డిట్రుసర్ పీడనం. నాలుగోది మూత్ర ప్రవాహ వేగం. డిట్రుసర్ అంటే మూత్రాశయం గోడలోని కండరం. దగ్గినా, తుమ్మినా, కుర్చీలో కదిలినా పొట్టలో పీడనం పెరిగి మూత్రాశయాన్ని కూడా నొక్కుతుంది. ఆ బయటి నొక్కుడును తీసివేస్తే మిగిలేది కండరం సొంతంగా చేసిన పని. ఈ పీడనాలన్నిటినీ సెంటీమీటర్ల నీటి ఎత్తుతో కొలుస్తారు. మూత్రాశయ పీడనాన్ని కొలిచే సిస్టోమీటర్‌ను అమెరికన్ వైద్యుడు డి.కె. రోజ్ 1927లోనే పరిచయం చేశారు. మూత్రం ఆపుకోలేని సమస్యల మీద పనిచేసేందుకు 1971లో ఏర్పడిన ఇంటర్నేషనల్ కాంటినెన్స్ సొసైటీ ఈ కొలతలకు ఉమ్మడి పదజాలాన్నీ పద్ధతులనూ ఏర్పరచింది. సెకనుకు కనీసం 10 సార్లు పీడనాన్ని నమోదు చేయాలన్నది ఆ ప్రమాణాల్లో ఒకటి. ఇరవై నిమిషాల పరీక్షలో ఒక్కో గీతకు 12,000 అంకెలు పోగవుతాయి. ఇన్ని అంకెలు వరసగా కనబడితే మెషిన్ లెర్నింగ్ చేసేవారికి ఉత్సాహం కలగడం సహజమే.

ఆ అంకెల్లో ఏముంటుందో ఒక ఊహాత్మక పరీక్షలో దగ్గరగా చూస్తే చిక్కు అర్థమవుతుంది. మనిషి కూర్చుని ఉన్నాడు. మూత్రాశయంలో 31, పొట్టలో 30 సెంటీమీటర్లు. కూర్చున్న మనిషిలో 15 నుంచి 40 వరకు ఉండడం మామూలే కాబట్టి రెండూ నమ్మదగినవే, తేడా ఒకటి. దగ్గమన్నారు. రెండు గీతలూ ఒకేసారి సూదిమొనల్లా లేచి పడ్డాయి, తేడా గీత దాదాపు కదలలేదు. గొట్టాలు బాగా పనిచేస్తున్నాయన్నమాట. మూడో నిమిషంలో తేడా గీత సున్నా కన్నా 11 కిందికి కుంగి, అర నిమిషం తరవాత మళ్లీ పైకి వచ్చింది. తేడా గీతను మాత్రమే చూసేవారికి ఆ పైకి రావడం కండరం బిగిసినట్టే కనబడుతుంది. పక్క గీత చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. పొట్ట పీడనం 42కి పెరిగింది, మూత్రాశయ పీడనం మాత్రం ఉన్నచోటే ఉంది. మలాశయం తనంతట తాను ముడుచుకుంది, అంతే. తీసివేత దాన్ని మూత్రాశయం లెక్కలో రాసేసింది. ఏడో నిమిషంలో మూత్రాశయ పీడనం మెల్లగా 25 సెంటీమీటర్లు పెరిగి గుండ్రని గుట్టలా వంగి దిగింది. పొట్ట గీత నిశ్చలంగా ఉంది. అదే క్షణాన ‘ఉన్నట్టుండి ఆపుకోలేకపోతున్నాను’ అన్నాడు మనిషి. ఇది నిజమైన సంకోచం. నింపే దశలో, మూత్రానికి వెళ్లమని చెప్పకముందే వచ్చింది కాబట్టి దీన్ని డిట్రుసర్ అతిచురుకుదనం అంటారు. వెళ్లమన్నాక వస్తే ఇదే గుట్ట పూర్తిగా సహజం. అంటే గీత ఆకారం ఒక్కటే చాలదు, ఆ గదిలో ఆ క్షణాన ఎవరు ఎవరితో ఏమన్నారో కూడా కావాలి.

రోగి చెప్పే లక్షణాలతోనే సరిపెట్టుకోలేరా అంటే, మూత్రాశయం నమ్మదగని సాక్షి అని ఈ రంగంలో అర్ధశతాబ్దానికి పైగా వినవస్తున్న మాట. ధార సన్నగిల్లిన ఇద్దరు పెద్దవయసు పురుషులను తీసుకుందాం. ఇద్దరికీ గరిష్ఠ ప్రవాహం సెకనుకు 8 మిల్లీలీటర్లే. ఆ క్షణాన మొదటివారి డిట్రుసర్ పీడనం 70, రెండోవారిది 28. పీడనంలోంచి ప్రవాహానికి రెట్టింపు తీసివేస్తే అడ్డంకి సూచిక వస్తుంది. మొదటివారికి 54, రెండోవారికి 12. నలభై దాటితే దారిలో అడ్డు ఉన్నట్టు, ఇరవై లోపు ఉంటే లేనట్టు, మధ్యలో ఉంటే తేల్చలేనట్టు. పీడనానికి ప్రవాహాన్ని ఐదింతలు చేసి కలిపితే సంకోచ బలం సూచిక వస్తుంది. మొదటివారికి 110, మామూలు బలం. రెండోవారికి 68, నూరు లోపు కాబట్టి బలహీనం. ఒకరికి ప్రోస్టేట్ అడ్డుపడుతోంది, మరొకరికి కండరమే నీరసించింది. ఇద్దరూ డాక్టరు ముందు కూర్చుని చెప్పేది మాత్రం ఒకే మాట, ‘ధార సరిగా రావడం లేదు’ అని. శస్త్రచికిత్స వల్ల మేలు పొందే అవకాశం మొదటివారికే ఎక్కువ.

ఈ లెక్కలో నేర్చుకునే యంత్రం అవసరం ఎక్కడా లేదు. గుణకారం, తీసివేత వస్తే చాలు. ఈ మాట కాస్త నొక్కి చెప్పాలి, ఎందుకంటే సూత్రంతో తేలిపోయే నిర్ణయానికి పెద్ద మెషిన్ లెర్నింగ్ నమూనా తయారుచేసి అది ఎంతో కచ్చితంగా ఉందని చూపడం సులువు. సూత్రాన్నే తిరిగి కనిపెట్టినందుకు వచ్చిన కచ్చితత్వం అది. అసలు తప్పు వేరేచోట జరుగుతుంది. మొదటివారి ధార ఒక క్షణం ఊగి పరికరం అంచుకు తగిలిందనుకుందాం. ప్రవాహ గీత మీద ఒక ముల్లు లేచి 16 చూపింది. కంప్యూటర్ గరిష్ఠం అంటే అదేనని ఎంచుకుంది. ఇప్పుడు 70లోంచి 32 పోతే 38. అడ్డంకి కాస్తా ‘తేల్చలేనిది’ అయిపోయింది. అనుభవజ్ఞులు ఆ ముల్లును పక్కనపెట్టి, గీతను కంటితో నునుపు చేసుకుని 8 అనే చదువుతారు. సూత్రంలో వేయాల్సిన అంకె ఏ క్షణానిదో తేల్చడంలోనే నైపుణ్యమంతా ఉంది. యంత్రానికి నేర్పదగిన విద్య కూడా అదే.

నింపే దశలో చిక్కు మరీ ఎక్కువ. ఒకప్పుడు 15 సెంటీమీటర్లు దాటిన సంకోచాన్నే అతిచురుకుదనంగా లెక్కించేవారు. కాంటినెన్స్ సొసైటీ 2002 ప్రమాణాల్లో అలాంటి కనీస హద్దు లేదు. అది సరైన నిర్ణయమే, ఎందుకంటే చిన్న సంకోచం కూడా మనిషిని పరుగెత్తించగలదు. కానీ హద్దు పోయాక ఐదు సెంటీమీటర్ల చిరు అలను ఒకరు సంకోచం అంటారు, మరొకరు కదలిక అంటారు. ఒకే గీతను వేర్వేరు నిపుణులకు ఇచ్చి చూసిన అధ్యయనాల్లో, ముఖ్యంగా పిల్లల పరీక్షల్లో, అభిప్రాయాలు కలవని చోట్లు తక్కువేమీ కాదు. చిన్నపిల్ల ఏడుస్తుంది, కాళ్లు ఆడిస్తుంది, ఏమనిపిస్తోందో చెప్పలేదు. ఏడుపును కండర సంకోచం నుంచి విడదీయడం ఎంత అనుభవం ఉన్నవారికైనా కష్టమే.

పరిశోధకులు ఇక్కడే పని మొదలుపెట్టారు. అమెరికాలోని క్లీవ్‌లాండ్‌కు చెందిన పరిశోధకురాలు మార్గాట్ డామాసర్, ఆమె సహచరులు ఉన్న బృందం 2016లో ప్రచురించిన పద్ధతి వేవ్‌లెట్‌ల మీద ఆధారపడింది. చెరువులో రాయి వేస్తే లేచే అలలు వేరు, ఎగువ వాననీటితో మట్టం పెరగడం వేరు. రెండూ నీటి ఎత్తును మార్చేవే, కానీ ఒకటి క్షణాల్లో ముగుస్తుంది, మరొకటి నిదానంగా సాగుతుంది. వేవ్‌లెట్ ఈ రెండు వేగాలనూ విడదీసి చూపుతుంది. దగ్గు రాయి వంటిది, డిట్రుసర్ సంకోచం వాననీటి వంటిది. ఆ పనిలో ప్రత్యేకత ఏమిటంటే మలాశయంలో రెండో గొట్టం లేకుండా, మూత్రాశయ పీడనం ఒక్కదానితోనే ఈ విభజన చేయడం. శరీరంలో అమర్చే చిన్న సెన్సర్లకు ఇది తప్పనిసరి. మామూలు పరీక్షలో కూడా రెండో గొట్టం అక్కర్లేకుండా పోతే రోగికి కలిగే ఉపశమనం చిన్నది కాదు.

వర్జీనియా కామన్వెల్త్ విశ్వవిద్యాలయంలో మరో బృందం 2018లో మూత్రాశయ గోడలో సాగే చిన్నచిన్న లయబద్ధమైన కదలికలను, గీతను వేర్వేరు లయలుగా విడదీసే ఫూరియర్ విశ్లేషణతో పట్టుకుంది. అవి పొట్ట గీతలో లేకుండా మూత్రాశయ గీతలోనే ఉన్నాయా అని కూడా సరిచూసే పద్ధతి అది. పైన చెప్పిన మలాశయం మోసానికి సరైన విరుగుడు. బోస్టన్ పిల్లల ఆసుపత్రి పరిశోధకులు 2021లో డైనమిక్ టైమ్ వార్పింగ్‌ను వాడారు. సంగీతం తెలిసినవారికి ఇది వెంటనే బోధపడుతుంది. ఒకే వర్ణాన్ని మొదటి కాలంలోనూ రెండో కాలంలోనూ పాడితే పట్టే సమయం మారుతుంది, వర్ణం మారదు. ఒకరి సంకోచం ఇరవై సెకన్లు, మరొకరిది నలభై సెకన్లు ఉన్నా, కాలాన్ని సాగదీసి కుదించి పోల్చి, రెండూ ఒకటేనని ఈ పద్ధతి గుర్తిస్తుంది. డ్యూక్ విశ్వవిద్యాలయం వారు 2022లో స్పైనా బిఫిడా (పుట్టుకతో వెన్నెముక పూర్తిగా మూసుకోని లోపం) ఉన్న పిల్లల గీతల మీద కాల లక్షణాలనూ పౌనఃపున్య లక్షణాలనూ కలిపి చూశారు. ఆ మరుసటి ఏడాది ఫిలడెల్ఫియా పిల్లల ఆసుపత్రి నుంచి వచ్చిన పని గీతలకు ఎక్స్‌రే చిత్రాలను కూడా జోడించి, మెషిన్ లెర్నింగ్‌లోనే ఒక రకమైన డీప్ లెర్నింగ్‌తో మూత్రాశయ లోపం తీవ్రతను అంచనా వేసింది. దారులు వేరైనా ఆశ ఒకటే. ఎవరు చదివారన్న దానిమీద పిల్లల చికిత్స మారకూడదు.

ఆశ మంచిదే. అయితే ఈ పద్ధతుల్లో శిక్షణ పొందే ప్రతి యంత్రానికీ ‘ఇది సంకోచం, ఇది కాదు’ అని ముందుగా మనుషులే గుర్తులు పెట్టి ఇస్తారు. గుర్తులు పెట్టేవారిలోనే ఏకాభిప్రాయం లేనప్పుడు యంత్రం నేర్చుకునేది ఎవరి అలవాటు? ఒకే ఆసుపత్రిలో ఒకే గురువు దగ్గర శిక్షణ పొందిన ఇద్దరు గుర్తులు పెడితే యంత్రం ఆ గురువు చదువునే వల్లెవేస్తుంది. వారి తీర్పుతో తొంభై శాతం ఏకీభవించిందంటే రోగికి మేలు జరిగిందని అర్థం చేసుకోలేం. ముగ్గురు నలుగురు విడివిడిగా చదివి, ఎక్కడెక్కడ విభేదించారో కూడా యంత్రానికి చెప్పడం మెరుగైన దారి. అప్పుడది ‘ఇక్కడ నిపుణులకే తేలదు’ అన్న సంగతిని కూడా నేర్చుకోగలదు. అనుమానమున్న చోట అనుమానం చెప్పగల యంత్రం, అన్నిటికీ ధీమాగా జవాబిచ్చే యంత్రం కన్నా రోగికి ఎన్నో రెట్లు క్షేమం.

అంకెలను చూసేటప్పుడు కూడా జాగ్రత్త అవసరం. నూరు పరీక్షల్లో ఇరవైలోనే అతిచురుకుదనం ఉంటే, ఏ గీతా చూడకుండా అందరికీ ‘లేదు’ అనేసే యంత్రానికి కూడా ఎనభై శాతం కచ్చితత్వం వస్తుంది. అందుకే పట్టుకున్నవెన్ని, వదిలేసినవెన్ని అన్నవి విడివిడిగా అడగాలి. ఒకే పిల్ల పరీక్షను ముప్పై సెకన్ల ముక్కలుగా కోసి కొన్నిటిని శిక్షణకూ కొన్నిటిని పరీక్షకూ వాడితే యంత్రం ఆ పిల్లను గుర్తుపడుతుంది, జబ్బును కాదు. మరీ సూక్ష్మమైన మోసం ఒకటుంది. పరీక్ష చేసేవారు గీత పక్కన ‘దగ్గు’, ‘ఆపుకోలేకపోతున్నారు’, ‘వెళ్లమన్నాం’ అని గుర్తులు నమోదు చేస్తారు. వాటితో శిక్షణ ఇస్తే యంత్రం మనిషి రాసిన జవాబును చూసి రాసినట్టే. వాటిని పూర్తిగా తీసేస్తే, సంకోచం వెళ్లమన్నాక వచ్చిందో ముందే వచ్చిందో తెలియదు. ఏది ఉంచాలి, ఏది తీయాలి అన్నది పరీక్ష గదిలో నిలబడి చూసినవారు మాత్రమే తేల్చగలరు.

ఆ గుర్తుల్లో భాష సమస్య కూడా దాగి ఉంది. నింపేటప్పుడు మూడు దశలను నమోదు చేయాలని ప్రమాణాలు చెబుతాయి. నిండుతున్నట్టు తొలిసారి తెలియడం, వెళ్లాలని తొలిసారి అనిపించడం, గట్టిగా అనిపించడం. తెలుగు మాట్లాడే రోగి కుర్చీలో కూర్చుని ‘ఒంటికి వస్తోంది’ అంటే ఇందులో ఏ దశ? మూడింటిలో ఏదైనా కావచ్చు. ‘ఇప్పుడే వెళ్లాలా, బస్సులో ఉంటే ఇంకాసేపు ఆపుకుంటారా?’ అని మరో ప్రశ్న వేస్తే గానీ తేలదు. ఆ ప్రశ్న వేయకుండా నొక్కిన మీట ఫైల్లో ఒక అంకెగా మిగిలిపోతుంది. తరవాత దాన్ని చదివే యంత్రానికి ఆ అంకె వెనుక ఎంత సందిగ్ధం ఉందో తెలిసే మార్గం లేదు.

పరికరాల తేడాలదీ ఇదే కథ. నీటితో నిండిన గొట్టం, గాలి బుడగ ఉన్న గొట్టం దగ్గును ఒకేలా చూపవు. నీటి గొట్టాన్ని కదిపితే గీత వణుకుతుంది, గాలి గొట్టం వేగమైన మార్పులను కాస్త మెత్తబరుస్తుంది. నింపే వేగం పెంచితే మూత్రాశయం ప్రవర్తనే మారవచ్చు. సున్నాను బయటి వాతావరణ పీడనం దగ్గర కాక గొట్టం లోపల ఉండగా సరిచేసే అలవాటు ఉన్నచోట అంకెలన్నీ పక్కకు జరుగుతాయి. ఒకచోట నేర్చుకున్న యంత్రాన్ని మరోచోటికి తీసుకెళ్లేముందు అక్కడి గీతల మీద మళ్లీ పరీక్షించడం తప్పనిసరి.

ఇంకా మౌలికమైన ప్రశ్న ఒకటుంది. ఈ పరీక్ష అందరికీ అవసరమా? అమెరికాలో 630 మంది మహిళల మీద జరిపిన వాల్యూ అధ్యయనం ఫలితాలు 2012లో వచ్చాయి. దగ్గినప్పుడు మూత్రం జారే సమస్య స్పష్టంగా ఉన్నవారికి శస్త్రచికిత్సకు ముందు యూరోడైనమిక్ పరీక్ష చేసినా చేయకపోయినా ఏడాది తరవాత ఫలితం దాదాపు ఒకటే, పరీక్ష చేసినవారిలో 76.9 శాతం, చేయనివారిలో 77.2 శాతం మందికి చికిత్స ఫలించింది. బ్రిటన్‌లో 820 మంది పురుషుల మీద జరిపిన అప్‌స్ట్రీమ్ అధ్యయనం 2020లో ప్రచురితమైంది. ప్రోస్టేట్ లక్షణాలున్న వారందరికీ ఈ పరీక్ష జోడించినందువల్ల శస్త్రచికిత్సల సంఖ్య తగ్గలేదు. అవసరం లేని చోట చేసిన పరీక్షను యంత్రం ఎంత గొప్పగా చదివినా రోగికి ఒరిగేదేమీ లేదు. యంత్రం ఉంది కదా అని పరీక్షల సంఖ్య పెరిగితే అది నష్టమే.

దీనికి పూర్తి భిన్నమైన చోటు వెన్నెముక లోపాలున్న పిల్లలది. అమెరికన్ మూత్రవ్యాధుల నిపుణుడు ఎడ్వర్డ్ మెక్‌గ్వైర్ బృందం 1981లో అటువంటి 42 మంది పిల్లల ఫలితాలు ప్రచురించింది. మూత్రం జారే సమయానికి మూత్రాశయ పీడనం 40 సెంటీమీటర్లు దాటినవారిలో 68 శాతం మందికి మూత్రం వెనక్కి మూత్రపిండాల వైపు ఎగదన్నుతోంది, 81 శాతం మందికి మూత్రపిండాల నుంచి మూత్రాశయానికి వచ్చే నాళాలు ఉబ్బాయి. 40 లోపు ఉన్నవారిలో ఒక్కరికీ ఎగదన్నలేదు. ఈ పిల్లలకు నొప్పి తెలియదు, లక్షణం కనబడదు. మూత్రపిండాలు మౌనంగా దెబ్బతింటాయి. ముందుగా హెచ్చరించేది ఆ గీత ఒక్కటే. మెషిన్ లెర్నింగ్ మీద పెట్టే శ్రమలో పెద్దవాటా ఇక్కడికే రావాలి. వచ్చిన పరిశోధనల్లో కొన్ని స్పైనా బిఫిడా పిల్లల గీతల మీద జరగడం సరైన దిశ.

ఈ పిల్లల దగ్గర యంత్రానికి నిపుణుడి తీర్పును మించిన గురువు ఒకరున్నారు, కాలం. ఈరోజు గీత తీసిన పసిబిడ్డ మూత్రపిండాలు ఐదేళ్ల తరవాత ఎలా ఉన్నాయి? అల్ట్రాసౌండ్‌లో వాపు కనిపించిందా? మచ్చలు పడ్డాయా? ఏ మందు పనిచేసింది? ఇవి నిపుణుల వాదనతో మారని జవాబులు. వీటితో శిక్షణ ఇస్తే, ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని ఆకారాలు కూడా రాబోయే ముప్పును సూచిస్తున్నాయేమో యంత్రం చూపగలదు. అందుకు చేయాల్సింది గీతలను కాగితం మీద అచ్చు తీసి ఫైల్లో పెట్టి వదిలేయకుండా మూల అంకెలతో సహా భద్రపరచడం, నింపిన వేగం, గొట్టం రకం, మనిషి కూర్చున్నాడా పడుకున్నాడా అన్న వివరాలను వాటితో పాటే ఉంచడం, పిల్లలను ఏళ్ల తరబడి వదలకుండా చూసుకోవడం. ఇది నిదానంగా సాగే పని. గుర్తింపు కూడా తక్కువే.

అంతదాకా ఆగనక్కర్లేని పని కూడా ఒకటుంది, అది ఇవాళే సాధ్యం. నిపుణుడు గీతను చదివేది సాధారణంగా పరీక్ష ముగిశాక. అప్పుడు ‘మధ్యలో మలాశయం గొట్టం జారిపోయింది, ఏమీ చెప్పలేం’ అని తేలితే ఆ పిల్లకు మళ్లీ రెండు గొట్టాలూ వేయాలి. గొట్టం జారినప్పుడు పొట్ట పీడనం ఉన్నట్టుండి పడిపోతుంది. తరవాతి దగ్గు ఒక గీతలో లేచి మరో గీతలో లేవదు. సన్నగా కదలాల్సిన గీత తాడు పరచినట్టు చదునైపోతుంది. వీటిని గుర్తించడానికి నిపుణుల మధ్య వాదం ఉండదు కాబట్టి గుర్తులు పెట్టడం తేలిక, యంత్రానికి నేర్పడం తేలిక. తప్పుగా మోగినా నష్టం ఒక్క దగ్గు మాత్రమే. గొట్టాలు ఇంకా లోపల ఉండగానే, సెలైన్ ఇంకా కారుతుండగానే, తెర మీద ఒక చిన్న దీపం వెలిగి ‘పొట్ట గీతను సరిచూడండి’ అని చెబితే, నర్సు పంపును ఆపి, గొట్టాన్ని సర్ది, పిల్లను మరొక్కసారి దగ్గమంటుంది. రెండు గీతలూ కలిసి లేస్తాయి. పరీక్ష అక్కడి నుంచే కొనసాగుతుంది.